జ్ఞానసుందరి నీళ్ల ఇంగ్లీషు

జ్ఞానసుందరికి ఇంగ్లీషు వచ్చునని భావనపాడు చుట్టుపక్కల చర్చివాళ్లందరికీ తెలుసు. ఎంత వచ్చో మాత్రం ఎవరూ ఆరా తీయలేదు. బస్సు మీద ఊరి పేరు ఇంగ్లీషులో రాసుంటే ఆవిడ చదవలేదు. టైమెంతయిందని ఇంగ్లీషులో ఎవరైనా అడిగితే చెప్పలేదు. కానీ ఒక దుప్పటిని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాక దానికి ఏమేం జరగవచ్చో అన్నిటికీ ఆవిడ దగ్గర ఇంగ్లీషు మాట ఉంది. నానబెట్టడానికి ఒకటి, జాడించడానికి ఒకటి, రుద్దడానికి ఇంకొకటి. ఆవిడ ఇంగ్లీషులో పొడి మాటంటూ దాదాపు లేదు.

అవన్నీ పలాస అవతల ఒక పాత మిషన్ ఆసుపత్రిలో వంటబట్టిన మాటలు. పెళ్లికి ముందే అక్కడ బట్టలుతికే షెడ్డులో పనికి కుదిరింది. షెడ్డు మీద పెత్తనం ఏలియమ్మ సిస్టర్‌ది. ఆవిడది కేరళ. తెలుగు ఒక్క ముక్క రాదు, నేర్చుకునే ఉద్దేశం ఉన్నట్టు కూడా కనపడేది కాదు. జ్ఞానసుందరికి మలయాళం రాదు. ఇక మిగిలింది ఇంగ్లీషు. అది సిస్టర్‌కి వచ్చు, జ్ఞానసుందరికి రాదు.

మొదటి రోజు అక్క పెళ్లికి కొన్న గులాబీరంగు చీర కట్టుకుని, చేతుల నిండా గాజులు వేసుకుని, మొహానికి పౌడరు రాసుకుని వెళ్లింది. సిస్టర్ ఆమెని పైనుంచి కిందికి చూసి, మూల పడున్న నెత్తుటి దుప్పట్ల వైపు వేలు చూపించి, "సోక్, సోక్" అంది.

పనికొచ్చేదానికి ఇంత సోకేటని అడుగుతున్నారు కాబోలు అనుకుంది జ్ఞానసుందరి. పక్కకెళ్లి గాజులు తీసి కొంగున ముడేసుకుని వచ్చి నిలబడింది. సిస్టర్ మళ్లీ "సోక్" అంది, ఈసారి గట్టిగా. జ్ఞానసుందరి కొంగుతో పౌడరు తుడిచేసుకుంది. జడకున్న రిబ్బను కూడా ఊడదీసింది. ఇంక తియ్యడానికి ఏమీ లేక బిక్కమొహం వేసుకుని నిలబడితే, ఏలియమ్మ సిస్టర్ తనే ఒక దుప్పటి తీసుకెళ్లి తొట్టిలో చల్లనీళ్లలో పడేసి, రెండు చేతులూ కట్టుకుని దాని పక్కన ఊరికే నిలబడింది. సోక్ అంటే అలా ఊరికే ఉండడమేనని అప్పుడు తెలిసింది.

రిన్స్ నేర్చుకోవడానికి మరో రోజు పట్టింది. సిస్టర్ ఆ మాట అన్న ప్రతిసారీ స్టోరుకి పరిగెత్తి ఒక రిన్ సబ్బు తెచ్చి ఇచ్చేది. సాయంత్రానికి సిస్టర్ బల్ల మీద సబ్బుల గుట్ట తయారైంది. దాన్ని చూసి సిస్టర్ నవ్విందట. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ఆ ఆసుపత్రిలో తక్కువ.

ఆ తరవాత ఇద్దరికీ బాగా పొసిగింది. థర్మామీటరుకి డిప్, డాక్టరుగారి చేతులకి స్క్రబ్, పుండుకి క్లీన్, నేలకి మాప్. ఒక్కో మాటా ఒక్కో పనితో కలిసి జ్ఞానసుందరి చేతుల్లోకి చేరిపోయింది.

ఆసుపత్రికి నీళ్లు తోడే ఇంజను దగ్గర ఆదాము అనే కుర్రాడు పనిచేసేవాడు. సరిగ్గా బట్టలు జాడించే వేళకి ఇంజను ఆపేసి బీడీ కాల్చుకోవడానికి వెళ్లిపోవడం అతనికి అలవాటు. జ్ఞానసుందరి తడిచేతులతో పంపుషెడ్డు దాకా వెళ్లి, "ఇంకా రిన్స్ అవనేదు" అని అరిచేది. రిన్స్ అంటే ఏదో పెద్ద తిట్టు అనుకుని కొన్నాళ్లు భయపడి, కాదని తెలిశాక ఇంకా తరచుగా ఇంజను ఆపడం మొదలుపెట్టాడు ఆదాము. ఏడాది తిరిగేసరికి పెళ్లయింది.

ఆ డీజిలు ఇంజను మోతకి ఆదాము చెవులు దెబ్బతిన్నాయి. రిటైరయ్యాక మొగుడూ పెళ్లాలు ఆదాము సొంతూరు వచ్చేశారు. భావనపాడుకి కూతవేటు దూరం. కొద్దిగా వరిపొలం, కొన్ని జీడిచెట్లు, ఇంటి వెనక బావి, పక్కన సిమెంటు తొట్టి. కొడుకు సాలూరు లారీల మీద రాయపూర్ వైపు తిరుగుతుంటాడు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. సాలూరులోనే ఒక లారీ ఎలక్ట్రీషియన్ కూతురు షాలినిని చూసి ఇష్టపడి చేసుకున్నాడు. షాలిని ఇంటికి దగ్గర్లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. వచ్చిన వారానికే అత్తగారి ఇంగ్లీషు విని, దాన్ని దిద్దాలన్న ఆలోచన మానుకుని, తనూ "అత్తా, మినప్పప్పు సోక్ సేసినాను" అనడం మొదలుపెట్టింది.

అందరికీ తెలిసిన జ్ఞానసుందరి ఇంతవరకే. ఆదాముకి మాత్రం ఇంకో సంగతి తెలుసు. ఆవిడకి బాప్తిస్మం కాలేదు.

ఎవరూ దాచలేదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు. పుట్టింటివాళ్ల చర్చిలో ఆసుపత్రి చర్చివాళ్లు ఇచ్చేసుంటారనుకున్నారు. ఆసుపత్రి చర్చిలో పుట్టినూళ్లోనే అయిపోయుంటుందనుకున్నారు. ఇక్కడికొచ్చేసరికి ఆవిడ తల నెరిసింది. సండే స్కూలు పిల్లలకి పాఠాలు చెప్పే మనిషిని నీకు బాప్తిస్మమైందా అని ఎవరడుగుతారు? బాప్తిస్మమైనవాళ్లకే ప్రభురాత్రి భోజనం ఇస్తారు. ఆ ఆదివారాల్లో ద్రాక్షరసం పోసే చిన్న చిన్న గ్లాసులు కడిగే పని ఆవిడే తీసుకుంది. అందరూ తాగేవేళకి ఆవిడ వెనక వరండాలో బకెట్టు ముందుండేది. తాగిందో లేదో చూసినవాళ్లు లేరు.

కారణం, నీళ్లలో మునగాలన్న భయం. చిన్నతనంలో మేనత్తతో ఎండుచేపలు కొనడానికి భావనపాడు వచ్చి, అత్త బేరం చేస్తుండగా తను అలల దగ్గరికెళ్లింది. ఒక అల కాళ్లు లాగేసింది. వల ఎత్తుతున్న ఒకాయన జడ పట్టుకుని ఈడ్చి ఒడ్డున పడేశాడు. అంతే జరిగింది. కానీ ఆ రోజు నుంచి మొహం మీదికి నీళ్లొస్తే ఆవిడకి ఊపిరి ఆగిపోతుంది. స్నానం చేస్తే భుజాల మీద చెంబుతో పోసుకుంటుంది. తల రుద్దుకోవాలంటే ముందుకి వంగి జుట్టు ఒక్కటే తడుపుకుంటుంది. రోజంతా మోచేతుల దాకా నీళ్లలో ఉండే మనిషికి మెడ పైన మాత్రం నీళ్లు పనికిరావు.

షాలిని వాళ్లది లూథరన్ చర్చి. అక్కడ పసిపిల్లలకి తల మీద నీళ్లు చిలకరిస్తారు. పెళ్లయి ఇక్కడికొచ్చాక ఇక్కడి బాప్టిస్టు చర్చిలో సభ్యురాలు కావాలంటే నీళ్లలో మునగాలి. షాలిని సరేనని పేరిచ్చింది. ఆ వారంలోనే ఒక సాయంత్రం బావి దగ్గర అత్తగారి పక్కన కూర్చుని అడిగింది.

"అత్తా, నీకు బాప్తిస్మమిచ్చినప్పుడు ఎలాగనిపించింది? ముక్కులోకి నీల్లు ఎల్తాయేటి?"

జ్ఞానసుందరి చేతిలో ఉన్న గిన్నెని మరో రెండుసార్లు తోమింది. అది అప్పటికే మెరుస్తోంది.

"ముక్కు మూసుకోవాల," అంది.

"కళ్లు?"

"అవీ మూసుకోవాల."

"నువ్వు బయపడ్డావా?"

"నన్నేటడుగుతావే. పాస్టరుగోర్ని అడుగు," అని గిన్నెలు తీసుకుని లోపలికెళ్లిపోయింది.

అత్తకి ఆ రోజు ఒంట్లో బాగోలేదేమో అనుకుంది షాలిని.

ఆ శీతాకాలం చర్చిలో మూడు రోజుల ప్రార్థన కూటాలు పెట్టారు. నాగాలాండ్ నుంచి ఇమ్చెన్ గారనే పాస్టరుని పిలిపించారు. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. ఊళ్లోవాళ్ల నోట్లో ఆయన పేరు ఇంచన్ గారైపోయింది. ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక మాస్టారు తెలుగులోకి మార్చి చెప్పేవాడు. ఇమ్చెన్ గారు ఎంత నెమ్మదిగా మాట్లాడితే మాస్టారు అంత గట్టిగా అరిచేవాడు. ఆఖరి రోజు ఆదివారం పొద్దున్నే ఉప్పుటేటి దగ్గర బాప్తిస్మాలు. సముద్రంలో అల జోరుగా ఉంటుందని, ఏరు సముద్రంలో కలిసే చోటుకి కాస్త ఇవతల, నడుం లోతు నిలకడ నీళ్లలో ఏర్పాటు చేశారు.

ఆదివారం తెల్లారేసరికి మాస్టారి గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది తప్ప మాట రావడంలేదు. మొగలి పొదల పక్కన తెల్లబట్టలతో వరసగా నిలబడ్డవాళ్లు, గట్టంతా జనం, మధ్యలో ఇమ్చెన్ గారు. స్థానిక పాస్టరు దయానందంగారికి ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ వింటే అర్థంకాదు. షాలినిని పిలుద్దామంటే ఆ పిల్ల తెల్లచీర కట్టుకుని వరసలో ఉంది. బాప్తిస్మం తీసుకునేవాళ్లు ఆ పొద్దున మౌనంగా ప్రార్థనలో ఉండాలని చెప్పింది ఆయనే. ఆయన చూపు జనంలో తిరిగి తిరిగి జ్ఞానసుందరి మీద ఆగింది.

"అమ్మా, మీరు ఆసుపత్రిలో ఇంగ్లీషులో పనిచేసినారు గదా. ఓ అరగంట సాయం పట్టాలి."

"నాకొచ్చిందంతా నీల్ల ఇంగ్లీసు బాబూ."

"ఈ పూట ఆయన సెప్పేదంతా నీల్ల గురించేనమ్మా."

ఏం మాట్లాడుకుంటున్నారో వినపడని ఆదాము, భార్య తల అడ్డంగా ఊపడం చూసి గట్టంతా మోగేలా, "ఎల్లవే సుందరీ, నీకు రానిదేటి?" అన్నాడు. అందరూ ఇటు తిరిగారు. ఇంక తప్పలేదు. కొంగు నడుముకి దోపుకుని వెళ్లి ఇమ్చెన్ గారి పక్కన నిలబడింది.

ఆయన మొదటి మాటే "వాష్"తో మొదలుపెట్టాడు. ప్రభువు మనల్ని వాష్ చేస్తాడన్నాడు.

జ్ఞానసుందరి నోరు తెరిచి ఆగింది. ఆయన వైపు తిరిగి, "సార్, విచ్ వాష్? క్లాత్ వాష్, హ్యాండ్ వాష్, ఊండ్ వాష్?" అని అడిగింది.

ఇమ్చెన్ గారిని అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. గడ్డం గోక్కుని కాసేపు ఆలోచించి, "ఊండ్ వాష్" అన్నాడు.

"పెబువు మనకి పుండు కడిగినట్టు కడుగుతాడంట," అంది జ్ఞానసుందరి జనం వైపు తిరిగి. "ఉతకడంట. ఉతకడమంటే బండకేసి బాదాల. పుండుని ఎవులూ బాదరు. దూదితోటి, మెల్లిగా, నొప్పెడతందా అని అడుక్కుంటా కడుగుతాడు."

ముందు వరసలో ఒక ముసలావిడ కళ్లొత్తుకుంది. ఇమ్చెన్ గారు తర్వాతి మాటకి వెళ్లాడు. దేవుడి వాక్యంలో సోక్ అవ్వాలన్నాడు.

ఇది ఆవిడ సొంత మాట. "వాక్కెంలో నానాలంట. నానడమంటే అదీ ఇదీ సెయ్యకుండా ఊరుకోవాల. ఎంటనే తీసీకూడదు. సల్లనీల్లలోనే నానాల. ఏడినీల్లలో ఎడితే మరక పట్టీస్తాది, ఇంక సచ్చినా వదల్దు."

ఆయన చెప్పింది ఒక్క ముక్క, ఇటువైపు వచ్చింది నాలుగు. ఇమ్చెన్ గారు అనుమానంగా చూశాడు. "సార్, హాట్ వాటర్ స్టెయిన్ నాట్ గోయింగ్," అని వివరించింది జ్ఞానసుందరి. ఆయన చాలా గంభీరంగా తలూపి, "యెస్. నో హాట్ వాటర్," అన్నాడు.

అలా కొంతసేపు సజావుగా సాగింది. జనం కూడా కుదురుకున్నారు. గొంతు పోయిన మాస్టారు ఇసకలో కూర్చుని హాయిగా వింటున్నాడు. అప్పుడు ఇమ్చెన్ గారు అసలు విషయానికొచ్చాడు. బాప్తిస్మమంటే చిలకరించడం కాదు, వాష్ కాదు, డిప్ కూడా కాదు, ఇమ్మర్స్, అన్నాడు.

జ్ఞానసుందరి ఆగిపోయింది. ఏలియమ్మ సిస్టర్ దగ్గర అన్నేళ్లూ ఆ మాట వినలేదు.

"సార్, మై హాస్పిటల్ నో ఇమ్మర్స్."

ఆయన నవ్వి, చేయి పట్టుకుని ఆవిడని నీళ్ల అంచు దాకా తీసుకెళ్లాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి పిడికిట్లో పట్టుకుని, వంగి మోచేయి దాకా నీళ్లలోకి దించాడు. పైకి రుమాలు అంచు కూడా కనపడలేదు.

"ఆల్," అన్నాడు.

"హౌ మెనీ మినిట్స్ సార్?"

"నో మినిట్స్. వన్ బ్రెత్. అండ్ దెన్ అప్." రుమాలుని పైకెత్తి చూపించాడు. "ఆల్వేస్ అప్. డౌన్ అండ్ అప్, వన్ వర్డ్."

జ్ఞానసుందరి ఆ నీళ్లోడుతున్న రుమాలు వైపు చూస్తూ ఉండిపోయింది. జనం ఎదురుచూస్తున్నారు. దయానందంగారు దగ్గాడు.

"మొత్తం ములగాలంట," అంది చివరికి. "ఏదీ పైకి కనపడకూడదంట. అయితే నాననివ్వరంట. ఒక్క ఊపిరి సేపే. ముంచినోలే మల్లీ పైకి లేపాల. లేపకపోతే అది ఆ మాటే కాదంట."

ఇంకేమీ కలపలేదు.

తర్వాత ఒక్కొక్కళ్లనే నీళ్లలోకి పిలిచారు. మొదట ఇద్దరు కుర్రాళ్లు వెళ్లి మునిగి, తల విదిలించుకుంటూ వచ్చారు. మూడోది షాలిని. మోకాళ్ల లోతు దాకా వెళ్లి నిలబడిపోయింది. వెనక్కి తిరిగి గట్టు మీదున్న అత్తగారిని చూసి మౌనం మర్చిపోయింది.

"అత్తా, నువ్వూ రా. నా సెయ్యట్టుకో."

తర్జుమా చేసే మనిషి కూడా నీళ్లలో ఉంటే మంచిదేనన్నాడు దయానందంగారు. జ్ఞానసుందరి పాదం పెట్టింది. చీలమండలు, మోకాళ్లు. చీర కుచ్చిళ్లు తేలాయి. నడుం దాకా వచ్చేసరికి ఆవిడ షాలిని చెయ్యి పట్టుకుందో, షాలినే ఆవిడ చెయ్యి పట్టుకుందో చెప్పడం కష్టం. ఇమ్చెన్ గారు అడిగిన ప్రశ్నలు తెలుగులో చెప్పింది. షాలిని ఔనంది. ఆయన ఒక చెయ్యి ఆ పిల్ల తల వెనక పెట్టి వెల్లకిలా నీళ్లలోకి వాల్చాడు. షాలిని మొహం మీద నీళ్లు కలిసిపోయాయి. జ్ఞానసుందరి ఊపిరి బిగబట్టింది. మరుక్షణం షాలిని పైకొచ్చింది. ముక్కు చీదుకుంటూ, నవ్వుతూ.

"ఏటీ నేదత్తా. సెవుల్లో గుయ్యిమంది, అంతే. నువ్వు ఇదే సెప్పుంటే నాను నిద్దరోదును గదా ఈ నాల్రోజులూ."

జ్ఞానసుందరి కోడలి మొహం మీది జుట్టు వెనక్కి తోసింది. ఇమ్చెన్ గారి వైపు తిరిగింది.

"సార్. మీ ఆల్సో నాట్ డన్."

ఆయనకి అర్థం కాలేదు. దయానందంగారికి అర్థమైంది గానీ నమ్మకం కుదరలేదు. "ఏటమ్మా, ఏటి అవనేదు?"

"ఇమ్మర్స్ అవనేదు బాబూ నాకు. ఎప్పుడూ అవనేదు. బయమేసి తప్పించుకున్నాను."

గట్టు మీద గుసగుస మొదలైంది. ఎవరో ఆదాము చెవి దగ్గర నోరు పెట్టి విషయం అరిచారు. ఆదాము నింపాదిగా, "నాకు తెల్సు గదా," అన్నాడు. మరెందుకు చెప్పలేదంటే, "నన్నెవులడిగినారు?" అన్నాడు.

ఇమ్చెన్ గారు షాలిని ద్వారా విషయం తెలుసుకుని, అయితే రండి ఇప్పుడే ఇచ్చేస్తానన్నట్టు చెయ్యి చాపాడు. జ్ఞానసుందరి ఆ చేతి వైపు చూసి, నీళ్ల వైపు చూసి, ఒక అడుగు వెనక్కేసింది. చెప్పడం దాకానే ఆవిడ ధైర్యం సరిపోయింది. ఆ సంగతి గమనించినవాడు దయానందంగారు. ఆయన ఇద్దరికీ మధ్యలోకి వచ్చి, మిగతా అందరిలాగే ఆవిడా తరగతులకి రావాలని, నియమమంటే నియమమేనని, వచ్చే నెలలో తనే ఇస్తానని చెప్పాడు. నియమం గురించి ఆయన అంత గట్టిగా మాట్లాడడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

ఆ నెలంతా బాప్తిస్మం తరగతిలో జ్ఞానసుందరి బెంచీ మీద ఆ చివర కూర్చునేది. మిగతావాళ్లు ఆవిడ దగ్గర సండే స్కూలు చదువుకున్న ఆడపిల్లలు. వాళ్లకి ఒకటే ఇబ్బంది. పాస్టరు ప్రశ్న అడిగితే టీచరు కంటే ముందు చెయ్యెత్తవచ్చా లేదా అని.

ఇంటి దగ్గర అసలు చదువు షాలిని పెట్టింది. స్కూలు నుంచి వచ్చాక సిమెంటు తొట్టి నిండా నీళ్లు పట్టి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టింది. మొదట మొహం వంచి గడ్డం దాకా. తర్వాత నోరు. ముక్కు దగ్గరికొచ్చేసరికి జ్ఞానసుందరి షాలిని చేతి మీద ఒక్కటిచ్చి, లేచి, జీడిచెట్ల కిందికెళ్లి కూర్చుంది. పిలిచినా రాలేదు. షాలిని కూడా వెళ్లి పక్కనే చతికిలబడింది.

"కోపమా అత్తా?"

"నీమీదేటి కోపం." జ్ఞానసుందరి రాలిన జీడాకుని ముక్కలు చేస్తోంది. "ఆ దినం నాను నీల్లలో కళ్లు తెరిసినాను షాలినీ. అంతా పచ్చగా, ఇసక. ఎటు సూసినా ఒకటే రంగు. సచ్చిపోతానని బయమెయ్యనేదు. పైకి ఎటో తెలీనేదు. అదీ బయం."

షాలిని ఇంకో ఆకు ఏరి అత్తగారి చేతిలో పెట్టింది. "మరి ఈపాలి పైకి ఎటో తెల్సినోలు నీ తలకాయ పట్టుకునుంటారు గదత్తా."

"అతగాడికి జలుబొచ్చి తుమ్మితే?"

"నాను ఈ పక్కనుంటాను."

జ్ఞానసుందరి ఆ మాట తిరగేసి మరగేసి చూసుకుంది. ఇద్దరూ తొట్టి దగ్గరికెళ్లారు. ఆ సాయంత్రం ముక్కు మునిగింది. మర్నాడు కళ్లు. నుదురు మాత్రం చాలా రోజులు మొండికేసింది. ఆదాము బావి గట్టు మీద కూర్చుని చూస్తూ, మునిగినప్పుడల్లా, "డిప్పయింది, డిప్పయింది. ఇంకా ఇమ్మర్స్ అవనేదు," అని అరిచేవాడు. లారీ దిగి ఇంటికొచ్చిన కొడుకు, అమ్మ తల తొట్టిలో ఉండడం, షాలిని ఆమె మెడ మీద చెయ్యేసి ఉండడం చూసి బ్యాగు అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చాడు. వాడికి విషయం చెప్పి నమ్మించేసరికి చాయ్ చల్లారిపోయింది.

నెల తిరిగింది. మళ్లీ ఉప్పుటేరు. ఈసారి జనం రెట్టింపు. కూటాలకి రానివాళ్లు కూడా దీనికొచ్చారు. చేపల పడవలవాళ్లు పని ఆపి చూస్తున్నారు. తెల్లచీరలో జ్ఞానసుందరి నీళ్లలోకి దిగింది. ఎడమ పక్క షాలిని. ఎదురుగా దయానందంగారు.

"బాబూ, తల ఎనకాల సెయ్యి గట్టిగా ఎట్టండి," అంది జ్ఞానసుందరి. "ముంచినాక పెసంగం సెయ్యకండి. ఒక్క ఊపిరే."

"ఒక్క ఊపిరేనమ్మా."

"జలుబేటీ నేదు గదా?"

"నేదమ్మా."

ఆవిడ ముక్కు మూసుకుంది. ఆయన చెప్పాల్సిన మాటలు చెప్పి వెనక్కి వాల్చాడు. నెరిసిన జుట్టు, నుదురు, ముక్కు, వేళ్లు, అన్నీ లోపలికి పోయాయి. నీళ్లు కలిసిపోయి పైన ఆకాశం కనపడింది. తర్వాత దయానందంగారి చెయ్యి లేచింది. ఆ చేతి వెంబడే జ్ఞానసుందరి లేచింది.

దగ్గింది. ఉప్పునీళ్లు ఉమ్మింది. కళ్లు నులుముకుని తెరిచి, ముందు షాలినిని, తర్వాత గట్టుని, తర్వాత పైన ఎండని చూసింది. గట్టు మీద పాట అందుకున్నారు. ఆవిడ దయానందంగారి చొక్కా చెయ్యి వదల్లేదు.

"ఇంకోపాలి ముంచండి బాబూ," అంది.

"ఒక్కసారేనమ్మా. జీవితానికి ఒక్కసారే."

"మొదటిపాలి బయంలో ఏటీ తెలీనేదు."

"అలాగ కుదర్దమ్మా. అయిపోయింది. చాలా బాగా అయింది."

గట్టు మీద ఆదాము పక్కవాడిని పొడిచి, "ఏటంటంది?" అని అడిగాడు. మళ్లీ ముంచమంటోందని అరిచి చెప్పాడతను. ఆదాము తలూపి, "ముంచీమను. ఆవిడ అడిగింది అవకపోతే ఇంటికాడ నాను పడాల," అన్నాడు.

దయానందంగారు నవ్వుకుంటూ తర్వాతి పిల్లని పిలవడానికి గట్టు వైపు తిరిగాడు. వెనకాల బుడుంగుమని చప్పుడైంది. తిరిగి చూస్తే షాలిని ఒక్కతే నిలబడి ఉంది. ఆ పిల్ల చెయ్యి చాచి, నీళ్లు తాకకుండా, నీళ్ల మీదే పట్టుకుని ఉంది. అంతలోనే ఆ చేతి పక్కన జ్ఞానసుందరి తల పైకొచ్చింది. జుట్టంతా మొహానికి అతుక్కుపోయి, నోటినిండా నవ్వుతో.